ఆత్మకూరుల నా నిశ్శబ్దం డ్యూటీ

మాఘమాసం, ఆదివారం, పొద్దుగాల పదకొండు గంటల ఇరువై నిమిషాలకు, ఆత్మకూరుల ఒక ఫంక్షన్ హాలుల, ఒక పెద్దమనిషి నోరు మూయించిన. చేత్తోని కాదు, అట్టతోని. ఆ అట్ట మీద లావు అక్షరాలతోని "నిశ్శబ్దం" అని రాసుండె.

టైము అంత సక్కగ ఎట్ల యాదికుందంటే, స్టేజీ పక్కన గోడకు గడియారం ఉండె. నాకు చదవనొచ్చేది ఏది కండ్ల పడ్డా చదవకుంట ఉండలేను. యాభై ఎనిమిదేండ్లకు అక్షరాలు నేర్సిన మనిషికి తగులుకునే రోగం ఇది. బస్సు బోర్డు, బిస్కెట్ పొట్లం, గోడల మీద ఓట్ల రాతలు, పక్కింటోళ్ల పెండ్లి పత్రిక, అన్ని చదవాలె. చదివినయన్ని నిజమే అనుకోవాలె. చిన్నప్పుడే చదువుకున్నోళ్లకు ఈ రోగం ఎప్పుడో తగ్గిపోయింది, వాళ్లు రాసింది వాళ్లే నమ్మరు. నాకింకా కొత్త.

మా కట్టంగూరు నుంచి ఆ పండుగకు నేనొక్కదాన్నే పోయిన. పోనోళ్ల కోసం రాస్తున్న. పోయొచ్చినోళ్లు చదివి తప్పులు పట్టాలని చూస్తె, అట్ట ఇంకా నా దగ్గరే ఉంది.

రమ్య బదులు నేను

అసలు పోవాల్సింది నా మనుమరాలు రమ్య. నల్గొండల ఇంజనీరింగ్ చదువుతది. ఆత్మకూరుల జానపద కళల పండుగ అయితదని, వాలంటీర్లు కావాలని ఫోనుల చూసి పేరిచ్చింది. తీరా చూస్తె అదే రోజులల్ల పరీక్ష పడ్డది.

"అవ్వా, నువ్వు పో. నువ్వు ఊకెనే ఉంటవు కదా" అన్నది.

ఊకెనే ఉంటనట. రెండు బర్రెలు, ఐదెకరాల బత్తాయి తోట, దాని తాత, ఇవన్ని వాటంతట అవే నడుస్తయి గావచ్చు.

"వాలంటీర్ అంటే ఏందే?" అన్న.

"పైసలు తీసుకోకుంట ఇష్టంగ పని చేసేటోళ్లు. సర్టిఫికెట్ ఇస్తరు."

మా దిక్కు గా పని చేసేటోళ్లను కోడలు అంటరు. సర్టిఫికెట్ మాత్రం నాకు అత్తగారింట్ల ఎవ్వరియ్యలె. అందుకే పోదామనిపించింది.

శుక్రవారం పొద్దున సంచి నిండ బత్తాయిలు ఏసుకొని బస్సెక్కిన. ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయిన సంది మా ఊరి ఆడోళ్లకు చుట్టాలు ఎక్కువైండ్రు. కండక్టర్ జీరో టికెట్ కొట్టుకుంట అడిగిండు.

"ఆత్మకూరుల ఏం పనమ్మా?"

"వాలంటీర్."

"జీతమిస్తరా?"

"ఇయ్యరు."

"మంచిగుంది. నువ్వు మాకు పైసలియ్యవు, వాళ్లు నీకు పైసలియ్యరు. దేశం మస్తు నడుస్తాంది" అని ముందుకు పోయిండు.

కల్వకుర్తిల ఎక్కిన డోలు

దేవరకొండ దాటి కల్వకుర్తిల బస్సు మారిన. ఆడ ముందుగాల ఒక డోలు ఎక్కింది. దాని ఎనక, దాన్ని మోసుకుంట, ముప్పై ఐదేండ్ల ఆడమనిషి. ఆమె ఎనక ఒక పెద్దాయన, చేతులూపుకుంట. డోలును నా పక్కన కూసోబెట్టి ఆమె నిలవడ్డది. నేను డోలును ఒళ్లె పెట్టుకొని ఆమెను కూసోమన్న. గంతే, సోపతైంది.

ఆమె పేరు యాదమ్మ. కథ చెప్పే మేళం వాళ్లది. పెద్దాయన ఆమె చిన్నాయిన మల్లయ్య, డోలు కొడ్తడు. వాళ్లు గూడ ఆ పండుగకే పోతున్నరు. మల్లయ్య టికెట్ పైసలిచ్చుకుంట మొకం ముడిసిండు.

"బస్సు ఆడోళ్లకే ఫ్రీ, సంఘం లోన్లు ఆడోళ్లకే. ఇగ మా కథ గూడ ఆడోళ్లకే కావాల్నట" అన్నడు, యాదమ్మ దిక్కు చూడకుంట.

యాదమ్మ కిటికీల నుంచి చూసుకుంట నాకు చెప్పింది. వాళ్ల బాపు పెద్ద కథకుడు, పోయినేడు కాలం చేసిండు. కథ మొత్తం వచ్చింది ఈమెకే. చిన్నాయిన కొడుకు నరేశ్‌కు సగమే వస్తది గని మీసాలు మొత్తం ఉన్నయి. అందుకని మల్లయ్య ఒక మాట పెట్టిండు. ఆత్మకూరుల ఆదివారం నాడు ఈమె కథ నడిమిట్ల తెగకుంట చెప్తె, ఉగాది ఎనక ఊర్లన్ని మేళాన్ని ఈమె ముందరుండి తిప్పొచ్చు. తెగితె నరేశ్ ముందరుంటడు, ఈమె తాళం కొట్టుకోవాలె.

"కథ తెగుడేంది? దారమా?" అన్న.

మల్లయ్యకు అప్పుడు నోరొచ్చింది. "మా కథకు ఊరోళ్లు ఊ కొట్టాలమ్మా. ఇనేటోళ్ల నుంచి ఊ రాకపోతె నేను డోలు మీద ఒక్కొక్క దెబ్బ ఏస్త. మూడు దెబ్బలలోపు ఊ రాలేదనుకో, కథ తెగినట్టే. తెగిన కథ చెప్పినోళ్లు ఆ ఏడు మళ్ల డోలు ముందర నిలవడొద్దు. మా తాతల నుంచి గదే."

"మీరే ఊ కొట్టుకోవచ్చు కదా?"

"తన పెండ్లిల తనే కట్నం సదివించుకున్నట్టుంటది" అన్నది యాదమ్మ. ఆ ఒక్క ముచ్చటల ఇద్దరిది ఒకటే మాట.

జడ్చర్ల నుంచి పాలమూరు దాక యాదమ్మ నాకు కథ చెప్పుకుంట వచ్చింది, గొంతు సవరించనీకె. గంగి అనే గొల్ల పిల్ల కథ. కరువుల గొర్లను తోలుకొని, ఎండిన వాగు ఎంబడి నీళ్ల కోసం పోతనే ఉంటది. నేను బత్తాయిలు ఒలుసుకుంట ఊ కొట్టిన.

"ఊ మంచిగ కొడ్తవు అవ్వా" అన్నది.

నాకు నలభై ఏండ్ల కాపురం. ఊ కొట్టుడు రాకపోతె ఏమొస్తది?

పండ్లు చూసి ఊరు చెప్పె

ఆత్మకూరు మా దిక్కు లెక్క కాదు. కృష్ణ దగ్గరనె. కాల్వ నీళ్లు, వరి, కొంగలు. చేపలు అమ్మేటామె బేరమాడితె కూడ నవ్వుకుంటనే తిడుతది. మా దిక్కు బోరుల నీళ్లొస్తె దావత్ చేసుకుంటరు, వీళ్లు నీళ్లు ఎక్కువైనయని మొత్తుకుంటరు. ఎవరి ఏడుపు వాళ్లది.

బస్టాండు దగ్గర రంగమ్మ అని ఒకామె జొన్న రొట్టెలు కొడ్తది. రొట్టె, పల్లికారం, కొంచెం వంకాయ కూర. నేను నోరు తెరిచి "రొట్టె ఎంత?" అన్ననో లేదో, "నల్గొండనా అవ్వా?" అన్నది.

"ఎట్ల తెలుసు?"

"పండ్లు చెప్తున్నయి కదా."

మా నీళ్లల్ల ఫ్లోరైడ్ మా పండ్ల మీద కావి రంగు ఏసిపోయింది. ఆధార్ కార్డు దేనికి, నవ్వితె సాలు. నాకు కోపమొచ్చింది గని, రొట్టె మెత్తగున్నది, కోపం నిలవలె. మా దిక్కు అంత పలుచగ కొట్టేటోళ్లు ఇప్పుడు లేరు. బువ్వ మరిగి చేతులు మొద్దువారినయి.

రొట్టె ఇరువై. పండుగ జరిగే హాలు లోపల మాత్రం, మట్టి కప్పుల పోసిన చాయ యాభై. బయట అదే చాయ పది. ఆ నలభై రూపాయలు మట్టికట. కప్పు ఇంటికి తీసుకపోవచ్చన్నరు. మా ఇంటి ముందర అంత మట్టి ఉత్తగనే ఉన్నది.

రమ్య గారూ

శనివారం పొద్దుగాల వాలంటీర్లకు ట్రైనింగు. చెప్పింది సింధు అని చౌటుప్పల్ పిల్ల. వారమంత మందుల కంపెనీల ఉద్యోగం, సెలవులల్ల ఇట్లాంటి పండుగలు చూసుకుంటది.

"ఆంటీ, మీ బ్యాడ్జి" అని మెడల ఏసింది. చదివిన. "రమ్య, వాలంటీర్."

"నేను లచ్చమ్మను" అన్న.

"పేర్లు ముందే ప్రింటయినయి ఆంటీ. రెండు రోజులకే కదా, జర అడ్జస్ట్ అవ్వండి."

ఆంటీ గాదు, అవ్వ అనుమన్న. అవ్వ అనలేదు. రమ్య గారూ అన్నది. టీషర్టు ఒకటిచ్చిండ్రు, నీలం రంగుది. చీర మీద నుంచే తొడుక్కున్న. అద్దంల చూసుకుంటె గ్యాస్ సిలిండర్‌కు కవరు తొడిగినట్టుంది.

పండుగ పెట్టింది ప్రకాశ్ సార్, పట్నమాయన. మెడల కండువ, చెవులకు రికార్డింగు ఇనే మిషను. కళాకారులందరు టిఫిన్ చేస్తుంటె మైకు పట్టుకున్నడు.

"ఈ కళలు మన కండ్ల ముందే చచ్చిపోతున్నయి. వీటిని బతికించుకోవాలె!"

నా పక్కన మల్లయ్య వడ్డించేటామె దిక్కు ప్లేటు సాపిండు. "మనం చచ్చిపోతున్నమట అక్కా. ఇంకో రెండు ఇడ్లీలు ఎయ్యి."

సార్ చెప్పిన ముచ్చట అసలుది ఏందంటే, అన్ని కథలను రికార్డు చేస్తరట. వందేండ్లైనా చెడిపోకుంట దాచిపెడ్తరట. అందుకని హాలుల సూది పడ్డా ఇనపడాలె, మనిషి ఇనపడొద్దు. పిల్లలకు స్టేజీ డ్యూటీ, ఫోటోల డ్యూటీ, పెద్దమనుషులకు బొకేలిచ్చే డ్యూటీ పంచిండ్రు. నాకు అట్ట ఇచ్చిండ్రు.

నేను దాన్ని చదివిన. ని, దాని ఎనక శ, ఆ శ కింద శ ఒత్తు. ఆ ఒత్తు నాకు రాత్రి బడిల నెల రోజులు రాలె. ఇప్పుడు నా చేతులనె ఉన్నది. వెయ్యి మందిని ఆపే మాట, నేను చదవగలిగిన మాట. చెవిన పడ్డ మాటకంటె అట్ట మీది మాట పెద్దదనుకున్న. మల్లయ్య బస్సుల చెప్పింది బస్సులనే ఉండిపోయింది.

శనివారమంత నా రాజ్యమే. చంటిపిల్ల తల్లిని బయటికి పంపిన. పల్లీలు నమిలేటోన్ని ఆపిన. ముందు వరుసల సోఫా మీద ఒక లీడర్ ఫోనుల ప్లాట్ల బేరం మాట్లాడుతుంటె ఆయన ముక్కు మీద అట్ట పెట్టిన. దేవుని పెండ్లికి అందరు పెద్దలే అంటరు కదా, ఆడ పెద్దలందరు నన్ను చూసి గమ్మునున్నరు.

"ఎక్సలెంట్, రమ్య గారూ" అన్నడు ప్రకాశ్ సార్. ఆ మాట మా ఇంట్ల ఎవ్వరు అనలె, రమ్యను గూడ.

పదకొండు ఇరువై

ఆదివారం యాదమ్మ వంతు. ఎర్ర నారాయణపేట చీర కట్టింది, కాళ్లకు గజ్జెలు. ఎనక మల్లయ్య డోలు. స్టేజీ కింద ఓ పక్కకు నరేశ్, పొద్దుగాలనే మోటర్ సైకిల్ మీద దిగిండు. ఆయన గూడ గజ్జెలు కట్టుకునే ఉన్నడు. ఏందంటే, ఎందుకైనా మంచిదని.

కుర్చీల ముందర చాప మీద బాలయ్య అని ఆ ఊరి పెద్దాయన కూసున్నడు. చేతికర్ర, తలకు రుమాలు. యాదమ్మ దేవునికి మొక్కి మొదటి మాట అన్నది.

"కరువు పడ్డ ఏడది, గంగి గొర్లు మలిపెరా..."

"ఊఁ!" అన్నడు బాలయ్య తాత.

హాలంత ఇనపడ్డది. సార్ చెవుల మిషను అదిరినట్టుంది, నా దిక్కు చూసిండు. నేను ఆ చూపు పడంగనె ఉరికిన. ఉరుకుడంటే, మోకాళ్లు ఒప్పుకున్నంత. తాత మొకం ముందర అట్ట పెట్టిన.

"ఏం రాసుంది బిడ్డా గందుల? నాకు రాదు."

"నిశ్శబ్దం" అని చదివి చెప్పిన. ఒత్తుతోని సహా.

తాత నన్ను కింది నుంచి మీదికి చూసిండు. టీషర్టు చూసిండు, బ్యాడ్జి చూసిండు. నోరు మూసుకున్నడు. ఎనకున్న ఆత్మకూరోళ్లంత, ఊ కొట్టనీకె తెరిచిన నోర్లు, తాతను చూసి మూసుకున్నరు. పెద్దాయననే ఆపిండ్రు, మనమెంత అని.

యాదమ్మ రెండో మాట అన్నది. ఊ రాలె. ఆమె ఆగింది. కండ్లు చాప దిక్కు పోయినయి. ప్రకాశ్ సార్ బొటనవేలు ఎత్తి చూపెట్టిండు, మస్తు నిశ్శబ్దం అని.

మల్లయ్య డోలు మీద ఒక దెబ్బ ఏసిండు.

అప్పుడు సోయికొచ్చింది నాకు. బస్సు, బత్తాయిలు, మూడు దెబ్బలు, అన్ని. ఆ ఆడమనిషి బాపు దగ్గర నేర్చుకున్న కథను నేను చేతిల అట్టతోని కోస్తున్న. నరేశ్ ఒక కాలు స్టేజీ మెట్టు మీద పెట్టిండు. గజ్జె సప్పుడైంది.

ఊ కొడ్దామని నోరు తెరిచిన. ఏమొచ్చిందనుకున్నరు? "ష్ష్ష్" అని వచ్చింది. నిన్నటి సంది అదే అని అని నాలుక అట్లనే తిరిగింది. హాలు ఇంకింత గమ్మునైంది.

రెండో దెబ్బ.

తాత దగ్గరికే పోయిన. "తాతా, తప్పైంది. ఊ కొట్టు" అన్న.

"అట్ట వద్దన్నది కదమ్మా. రాసి ఉన్నదాన్ని కాదంటమా మనం? చదువుకున్నదానివి, నువ్వే చెప్తివి."

మాటంటే చెప్పుతోని కొట్టినట్టుండాలె. పాలమూరోళ్లకు ఎవ్వరు నేర్పనక్కర లేదు.

మల్లయ్య కట్టె లేపిండు. ఇగ నేను అట్టను తిరగేసి చాప మీద ఏసి, దాని మీద కూసున్న, తాత పక్కన.

"ఇప్పుడేడున్నది అట్ట?" అన్నడు తాత.

"నా కింద."

తాత నవ్విండు. నవ్వుతోనే వచ్చింది ఊ. ఎద్దు రంకె ఏసినట్టు వచ్చింది. మల్లయ్య కట్టె గాలిలనే ఆగింది. ఎనకాల కుర్చీలల్ల నుంచి ఇంకో ఊ, తలుపు దగ్గర నుంచి ఇంకోటి. తలుపు దగ్గర ఎవరా అని చూస్తె రొట్టెల రంగమ్మ, చేతులకు పిండి. నా నాలుక గూడ అప్పుడు తిరిగింది.

ఇగ యాదమ్మను ఆపుడు ఎవ్వరి తరం కాలె. గంగి ఎండిన వాగు దాటింది, గుట్ట ఎక్కింది, కృష్ణ ఒడ్డుకొచ్చింది. "నీళ్లు తాగాల్నంటే నాకేమిస్తవు?" అని నది అడిగింది. ప్రకాశ్ సార్ వంగి వంగి నా దగ్గరికొచ్చిండు.

"రమ్య గారూ, రికార్డింగ్ పాడైతది."

"ఊ" అన్న, యాదమ్మకు.

"మీ డ్యూటీ సైలెన్స్."

"ఊ."

"వాళ్లకు చెప్పండి జర."

"ఊఁ ఊఁ."

ఆయన తల పట్టుకొని పోయిండు. టైమైపోయిందని చూపెట్టనీకె సింధు ఇంకో అట్ట పట్టుకొచ్చింది. స్టేజీ దిక్కు చూసింది, నా దిక్కు చూసింది, అట్టను కింద పరిచి కూసున్నది. చౌటుప్పల్ ఊ అది, జర ఫ్యాక్టరీ సైరన్ లెక్క ఉండె. అయినా చెల్లింది.

ఎవరు ముందర నడిచిండ్రు

కథ అయిపోయినంక చప్పట్లు కొట్టిండ్రు, శాలువ కప్పిండ్రు. అవన్ని అందరికి చేసిండ్రు. నేను చూసింది వేరే.

ఎక్కేటప్పుడు డోలు మోసింది యాదమ్మ. దిగేటప్పుడు ఆమె అలవాటుగ డోలు దగ్గరికి వంగింది. మల్లయ్య ఆమె చెయ్యి పక్కకు జరిపిండు. డోలు తన భుజానికి తగిలించుకున్నడు.

"నడువు" అన్నడు. "ముందర నడువు. ఉగాది ఎనక ఏ ఊరు ముందు పోదమో నువ్వే చెప్పాలె ఇగ."

మంచిగ చెప్పినవని ఆయన ఇంతవరకు అనలె. ఆయన నోట్ల మెచ్చుకోలు మాటలు లేవు, డోలు ఒక్కటే ఉన్నది. నరేశ్ గజ్జెలు ఇప్పి జేబుల ఏసుకున్నడు. యాదమ్మ నన్ను దాటిపోతుంటె ఆగి, కింద అట్ట చూసి, "నువ్వేనా అవ్వా?" అన్నది. ఊ కొట్టినందుకు అన్నదో, ఆపినందుకు అన్నదో, నేను అడగలె. "ఊ" అన్న.

వాలంటీర్ అయితె ఏడిదాక పోతరు

సర్టిఫికెట్ రమ్య పేరు మీద వచ్చింది. దాన్ని ఆ పిల్ల ఉద్యోగానికి పెట్టుకుంటె, ఏం పని చేసినవని అడిగిండ్రట. "జనాలను కంట్రోల్ చేసిన" అని చెప్పిందట. అబద్ధమైతె కాదు.

నా దారి వేరైంది. ఉగాది ఎనక యాదమ్మ ఫోన్ చేసింది. ఊర్లల్ల టీవీలు చూసి చూసి జనం ఊ మర్సిపోయిండ్రు, జర వచ్చి షురూ చెయ్యి అవ్వా అన్నది. నాలుగు ఊర్లు తిరిగొచ్చిన, ఉత్త పుణ్యానికే. మల్లయ్య దానికో కట్టుబాటు చెప్పిండు. ఎక్కువ ఊర్లు మా ఎంబడి తిరిగితె నువ్వు మేళం మనిషివైతవు, నీ ఊ చెల్లదు అని. అందుకని ఊర్లెకు పోంగనె పెద్దమనిషి ఒకాయనను చూసి, పక్కన కూసొని, పక్కలు పొడిచి ఊ మొదలు పెట్టిస్త. ఆయన అందుకున్నంక నేను నోరు మూసుకుంట. తిరిగి తిరిగి నాకు మళ్ల నిశ్శబ్దం డ్యూటీయే పడ్డది.

రికార్డును సార్ వాళ్లు నాకు ఫోనుల పంపిండ్రు. దాంట్ల మొదట ఒక పెద్ద ఊ, ఎనక కాసేపు ఏం లేదు, ఆ నడిమిట్ల "ష్ష్ష్" అని ఒక పాము. వందేండ్లు చెడిపోదట.

పండుగ మీద మంచి కాగితంతోని ఒక పుస్తకం గూడ ఏసిండ్రు. మొత్తం చదివిన. పైసలిచ్చినోళ్ల పేర్లున్నయి, బొకేలు తీసుకున్నోళ్ల పేర్లున్నయి, ప్లాట్ల లీడర్ పేరు రెండుసార్లున్నది. వాళ్లకొచ్చిన అక్షరాలే నాకూ వచ్చు. అందుకని ఆ పొద్దు ఆడ ఎవరెవరున్నరో నేనే రాస్తున్న.

గంగి కథ తెగకుంట చెప్పిన యాదమ్మ. మూడో దెబ్బ ఎయ్యని మల్లయ్య. గజ్జెలు ఇప్పుకున్న నరేశ్. చాప మీద బాలయ్య తాత. తలుపు కాడ రొట్టెల రంగమ్మ. అట్ట పరుచుకున్న చౌటుప్పల్ సింధు. తల పట్టుకున్న ప్రకాశ్ సార్. ఊ కొట్టిన ఆత్మకూరోళ్లు అందరు.

రమ్య రాలె. అట్ట మీద కూసున్నది కట్టంగూరు లచ్చమ్మ.